తోక వెంట నడిచిన మాటలు

(నల్లగొండలో గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా విద్యార్థుల, పాఠకుల ముందు ఒక విశ్రాంత ఇంగ్లీషు అధ్యాపకుడు చేసిన ప్రసంగానికి ఇది రాతరూపం. ఆ రోజు సభకు రాలేకపోయిన వారి కోసం రికార్డింగు విని రాసి పెట్టాము.)

సభాధ్యక్షుల వారికి, గ్రంథాలయ సిబ్బందికి, పెద్దలకు, వెనుక వరుసల్లో నిలబడి వింటున్న పిల్లలకు నమస్కారం. ఇంగ్లీషు మాటలు ఎలా పుట్టాయో చెప్పమని నన్ను అడిగారు. అది సముద్రం. అందులో ఏ రేవున దిగాలా అని వారం రోజులు ఆలోచించి, చివరికి ఒకే ఒక్క అవయవాన్ని పట్టుకుని మీ ముందుకు వచ్చాను. అది తోక. అవును, పశువు తోకే. ఈ గంటసేపూ నేను తోకను వదలను, మీరు కూడా వదలవద్దని కోరుతున్నాను.

ఎందుకు తోక? నా చిన్నతనంలో మా నాయన కోడెను కొనడానికి అంగడికి పోతూ నన్ను వెంట తీసుకుపోయేవాడు. మాది దేవరకొండ వైపు మెట్ట పల్లె. అంగడిలో ఆయన పశువును చూసే పద్ధతి నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. ముందు నోరు తెరిచి పండ్లు లెక్కపెట్టేవాడు. తర్వాత నుదుటి మీది, వీపు మీది సుళ్లు చూసేవాడు. ఆ తర్వాత వెనక్కు వచ్చి, తోకను మొదట్లో పట్టుకుని, చివర కుచ్చు దాకా చెయ్యి జార్చుకుంటూ వచ్చేవాడు. మధ్యలో ఎక్కడైనా ముడి ఉందా, విరిగి అతుక్కున్న గుర్తు ఉందా, కుచ్చు నల్లగా నిండుగా ఉందా అని వేళ్లతోనే చూసేవాడు. తోకను ముట్టుకోగానే పశువు ఏం చేస్తుందో కూడా గమనించేవాడు. విదిలించి కొడితే చురుకైనది. తొడల మధ్యకు ముడుచుకుంటే బెదురు గొడ్డు. తువ్వాల కింద వేళ్లు పట్టుకుని బేరం కుదుర్చుకునేది ఆ తర్వాతనే. పశువు మనసు దాని ముఖంలో కంటే తోకలో ముందు తెలుస్తుందని మా నాయన నమ్మకం. ఆయనకు అక్షరం రాదు. కానీ ఆయన చెప్పిన ఆ ఒక్క మాట పట్టుకుంటే ఇంగ్లీషు నిఘంటువులో ఎన్ని తలుపులు తెరుచుకున్నాయో నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

మొదటి మాట తీసుకుందాం. కౌవర్డ్. పిరికివాడు. పిల్లలూ, ఈ మాట స్పెల్లింగు మీకు ఎలా నేర్పించారు? ముందు 'కౌ' రాసి, తర్వాత 'ఆర్డ్' చేర్చమన్నారు, అవునా? నేను కూడా మొదటి పదేళ్లు అలాగే నేర్పాను. దానివల్ల పిల్లల మనసులో ఆవుకూ పిరికితనానికీ ఏదో చుట్టరికం ఉన్నట్టు నాటుకుపోతుంది. అది తప్పు. దూడ దగ్గర ఉన్న ఈనిన ఆవు ఎదుటికి వెళ్లి చూడండి, పిరికితనం ఎవరిదో తెలుస్తుంది. ఈ మాటలో ఆవు లేదు. ఇందులో ఉన్నది తోక. లాటిన్‌లో తోకను 'కౌడ' అంటారు, వాడుకలో అది 'కోడ' అయింది. పాత ఫ్రెంచిలో అది 'కో' అయి, దాని చివర 'ఆర్డ్' అనే ప్రత్యయం చేరి 'కోఆర్' అయింది. ఇంగ్లీషువాళ్లు ఫ్రెంచి వారి నుంచి తీసుకుని కౌవర్డ్ అన్నారు.

ఈ 'ఆర్డ్' అంటే ఏమిటి? డ్రంకర్డ్ అంటే తాగుబోతు అని మీకు తెలుసు. అక్కడ ఉన్నది ఇదే ప్రత్యయం. మనకు 'బోతు' ఎలాగో వాళ్లకు 'ఆర్డ్' అలాగ. తాగుబోతు, తిండిబోతు, తిట్టుబోతు. ఒక చెడ్డ గుణాన్ని మనిషికి అంటగట్టి పిలిచే తీరు. ఆ లెక్కన కౌవర్డ్ అంటే తోకబోతు! కుక్కలు కొట్లాడుకున్నప్పుడు ఓడిన కుక్క ఏం చేస్తుంది? తోకను కాళ్ల మధ్యకు లాక్కుని పొట్టకు అంటించి పోతుంది. దాన్ని చూసిన ఫ్రెంచివాడు కోఆర్ అన్నాడు. దాన్నే చూసిన మనవాడు 'తోక ముడిచాడు' అన్నాడు. గమనించండి, ఎవరూ ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. ఇద్దరూ కుక్కను చూసి నేర్చుకున్నారు. ఐరోపా రాజుల డాళ్ల మీద, జెండాల మీద సింహాల బొమ్మలు ఉంటాయి కదా, అందులో తోకను వెనుక కాళ్ల మధ్య ముడుచుకున్నట్టు గీసిన సింహానికి ఆ రాజచిహ్నాల శాస్త్రంలో 'లయన్ కౌవర్డ్' అని పేరు. అక్కడ ఆ మాటకు ఇప్పటికీ తోక అనే అర్థం బతికే ఉంది. పాత ఫ్రెంచి జంతు కథల్లో కుందేలుకు కూడా ఈ 'కోఆర్' అనే పేరే పెట్టారు. మన పల్లె పిల్లవాడికి ఈ మాటను బట్టీ పట్టించాల్సిన పనే లేదు. తోక ముడవడం చూసిన వాడికి దీని అర్థం ముందే తెలుసు.

ఇక రెండవ మాట, క్యూ. ఐదు అక్షరాలు రాసి ఒక్క అక్షరం పలకడం ఏమిటని పిల్లలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. ఇది కూడా ఆ లాటిన్ తోకే. ఫ్రెంచిలో దానికి ఆ రూపం వచ్చింది, ఫ్రెంచిలో నేటికీ తోకను అలాగే రాస్తారు. మనుషులు వరుసగా నిలబడడాన్ని ఈ మాటతో చెప్పడం ఇంగ్లీషు రాతలోకి 1837లో వచ్చింది. ఫ్రెంచి విప్లవ చరిత్ర రాస్తూ థామస్ కార్లైల్, పారిస్ జనం రొట్టెల దుకాణాల ముందు బారులు తీరి నిలబడిన తీరును ఫ్రెంచి వారి మాటతోనే రాశాడు. ఆకలి నుంచి పుట్టిన మాట అది. దుకాణం తల అయితే, వీధి మలుపు దాకా సాగిన మనుషులు దాని తోక.

మీలో రైతు బిడ్డలు చాలామంది ఉన్నారు. యూరియా కోసం తెల్లవారక ముందే వెళ్లి, ఎండకు నిలబడలేక, చెప్పులు వరుసగా పెట్టి చెట్టు కిందకు పోయి కూర్చున్న రైతులను మనమందరం చూశాం. ఒక దాని వెనుక ఒకటి హవాయి చెప్పులు, తోలు చెప్పులు, మధ్యలో ఒక పట్టాదారు పాసు పుస్తకం, దాని మీద గాలికి ఎగరకుండా ఒక రాయి. మనిషి లేకుండా మనిషి స్థానాన్ని కాపాడుతున్న ఆ వరుసను చూసినప్పుడు, పారిస్ రొట్టె దుకాణం ముందు నిలబడిన వాళ్లు నాకు గుర్తుకు వస్తారు. రెండు వందల ఏళ్ల తేడా ఉంది, దేశం వేరు, అడిగింది రొట్టె కాదు ఎరువు. కానీ తోక అదే.

ఇదే చోట మన జిల్లాలో స్థిరపడిపోయిన ఇంకొక ఇంగ్లీషు తోక గురించి చెప్పాలి. నాగార్జునసాగర్‌కు నెహ్రూ గారు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన చేశారు, 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ గారు కాలువలకు నీళ్లు వదిలారు. ఆ నీళ్లతో పాటు ఎడమ కాలువ వెంట ఒక మాట కూడా పారింది. అది 'టేలెండ్'. కాలువ చివరి భూములు. మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు వెళ్లి ఏ రైతునైనా అడగండి, బడికి పోని ముసలాయన కూడా 'మాది టేలెండు సారూ, మాదాకా నీళ్లు ఎక్కడ వస్తాయి' అంటాడు. చివరి భూమి అనే మాట తెలుగులో లేక కాదు. కానీ ఆ టేలెండు అనే మాటలో ఒక మొర ఉంది. తలకు అందిన నీళ్లు తోకకు అందలేదన్న మొర. తోక కూడా ఆ పశువు ఒంటిలోనిదే కదా అన్న హక్కు కూడా ఉంది. ఇంజనీరు తన నక్షాలో రాసుకున్న పొడి మాటను రైతు తీసుకుని, దానికి ప్రాణం పోశాడు. నేను దీన్ని ఇంగ్లీషు మాట అనను. ఇది మన మాట అయిపోయింది.

ఇప్పుడు మీ చేతుల్లోకి రండి. మీ దగ్గర పెన్ను ఉంది, పెన్సిల్ ఉంది. ఈ రెండూ అన్నదమ్ముల్లాగా వినిపిస్తాయి. పెన్ను పెద్దది, పెన్సిల్ దాని తమ్ముడు అనుకుంటాం. ఎంతమంది అలా అనుకుంటున్నారు? చేతులు ఎత్తండి. చూశారా, పెద్దలు కూడా ఎత్తారు. కానీ ఈ రెండింటికీ చుట్టరికమే లేదు. పెన్ను లాటిన్‌లో 'పెన్న' అనే మాట నుంచి వచ్చింది, దానికి పక్షి ఈక అని అర్థం. పూర్వం ఈకను చెక్కి, సిరాలో ముంచి రాసేవారు కాబట్టి రాసే సాధనానికి ఈక పేరే నిలిచింది. పెన్సిల్ అలా కాదు. దాని మూలం 'పెనికిల్లుస్', అంటే బుల్లి తోక. పెన్ను పక్షి నుంచి వచ్చింది, పెన్సిల్ పశువు వెనుక నుంచి వచ్చింది.

బుల్లి తోకకూ పెన్సిల్‌కూ ఏమిటి సంబంధం? పెన్సిల్ అంటే మొదట మనం ఇప్పుడు వాడే సీసపు కడ్డీ కాదు. ఇంగ్లండ్‌లో బారోడేల్ అనే చోట నాణ్యమైన గ్రాఫైటు 16వ శతాబ్దంలో దొరికిన తర్వాతనే మనం ఎరిగిన పెన్సిల్ వచ్చింది. అది సీసం కాదు, అయినా చాలా కాలం సీసమే అనుకున్నారు, అందుకే మనం నేటికీ సీసపు కడ్డీ అంటున్నాం. అంతకు ముందు పెన్సిల్ అంటే చిత్రకారుడి సన్న కుంచె. ఆ కుంచెకు వెంట్రుకలు ఎక్కడివి? జంతువుల తోకలవి. ఇప్పటికీ మేలైన నీటిరంగుల కుంచెలను సైబీరియాలోని ఒక ముంగిస లాంటి జంతువు తోక వెంట్రుకలతో చేస్తారు. మన చేర్యాల నకాషీ చిత్రకారులు సన్నగీతకు ఉడుత వెంట్రుకల కుంచెనే నమ్ముకున్నారు. బజారులో 'కేమల్ హెయిర్ బ్రష్' అని అమ్ముతారు, మీ బడి సంచుల్లో కూడా ఉండవచ్చు. పేరు ఒంటెది, కానీ అందులో ఒంటె వెంట్రుక ఉండదు. ఎక్కువగా ఉడుతదో, మేకదో, గుర్రపు పిల్లదో ఉంటుంది. చివర కుచ్చుతో సన్నగా సాగిన కుంచెను ఒకసారి కళ్ల ముందు పెట్టుకుని చూడండి. మా నాయన అంగడిలో చెయ్యి జార్చి చూసిన కోడె తోకకు అది అచ్చమైన చిన్న నమూనా.

ఇక్కడితో ఈ తోక ఆగలేదు. కుంచె నుంచి అది ఆసుపత్రిలోకి వెళ్లింది. బూజులో ఒక జాతి ఉంది. దాన్ని పెద్దది చేసి చూస్తే సన్నని కాడ, దాని కొసన కుంచెలాగా విచ్చుకున్న పోగులు కనిపిస్తాయి. అందుకే 1809లో లింక్ అనే జర్మన్ శాస్త్రవేత్త దానికి 'పెనిసిలియం' అని పేరు పెట్టాడు, అంటే కుంచె బూజు. 1928లో లండన్‌లోని సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ అనే వైద్యుడు, తాను పెంచుతున్న సూక్ష్మజీవుల పళ్లెంలో ఈ బూజు పడి, దాని చుట్టూ ఉన్న సూక్ష్మజీవులు కరిగిపోవడం చూశాడు. ఆ బూజు వదిలిన రసానికి పెన్సిలిన్ అని పేరు పెట్టాడు. మా పల్లెలో ఒక ముసలవ్వ ఉండేది. జ్వరం వచ్చి పట్నం పోయి వచ్చి, 'డాక్టరు పెన్సిల్ సూది ఇచ్చిండు బిడ్డా' అని చెప్పేది. చదువుకున్న వాళ్లం ఆమెను సరిదిద్దేవాళ్లం. ఇప్పుడు చెబుతున్నాను, ఆమె మాటే సరైనది. పెన్సిల్, పెన్సిలిన్ ఒక తల్లి పిల్లలు. ఆమె చెవి పట్టుకున్న చుట్టరికాన్ని మా చదువు పట్టుకోలేకపోయింది.

ఆ 'పెనికిల్లుస్' అనే మాటకు మూలమైన లాటిన్ మాటకు మొదట తోక అనే అర్థం, ఆ తర్వాత పురుషాంగం అనే అర్థం. నేటి ఇంగ్లీషులో ఆ రెండవ అర్థమే మిగిలింది. ఇక్కడ పిల్లలు ఉన్నారని నేను దీన్ని దాటవేయదలచుకోలేదు, ఎందుకంటే ఇది మన సంస్కృతంలోనూ ఉంది. 'శేప' అనే మాటకు తోక అనీ, పురుషాంగం అనీ రెండు అర్థాలూ ఉన్నాయి. ఐతరేయ బ్రాహ్మణంలో హరిశ్చంద్రుడి కథ వస్తుంది. అందులో అజీగర్తుడు అనే పేద బ్రాహ్మణుడికి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు శునఃపుచ్ఛుడు, నడిమివాడు శునఃశేపుడు, చిన్నవాడు శునోలాంగూలుడు. పుచ్ఛం అంటే తోక, శేపం అంటే తోక, లాంగూలం అంటే తోక. ముగ్గురి పేర్లకూ కుక్క తోక అనే అర్థం. పెద్దవాణ్ణి తండ్రి ఇవ్వనన్నాడు, చిన్నవాణ్ణి తల్లి ఇవ్వనన్నది. నూరు ఆవులకు నడిమివాణ్ణి యజ్ఞపశువుగా అమ్మేశారు. కరువులో బిడ్డను వదులుకున్న ఆ ఇంటి కథ నన్ను ఎప్పుడూ కలవరపెడుతుంది. కానీ ఈ రోజు మన దారి తోక కాబట్టి పేర్ల దగ్గరే ఆగుతాను.

ఆగుతానన్నాను కానీ, ఆ కుక్క తోకను మాత్రం పట్టుకుని ఇంకొంచెం పైకి పోదాం. ఆకాశంలోకి. ఇంగ్లీషు పత్రికల్లో ఒక మాట చదువుతుంటారు, 'సైనోజర్'. అందరి చూపులూ ఎక్కడ నిలుస్తాయో అది సైనోజర్. పెళ్లిలో పెళ్లికూతురు, మైదానంలో మంచి ఆటగాడు. 17వ శతాబ్దపు కవి మిల్టన్ ఒక అందగత్తెను చుట్టుపక్కల చూపులన్నిటికీ సైనోజర్ అన్నాడు. ఎంతో నాజూకైన మాటగా కనిపిస్తుంది. దాని అసలు అర్థం ఏమిటి? గ్రీకులో 'కినోసూర', కుక్క తోక! ధ్రువ నక్షత్రం ఉన్న చిన్న చుక్కల గుంపును మనం ఇప్పుడు చిన్న ఎలుగుబంటి అంటున్నాం, గ్రీకులు దానికి కుక్క తోక అని కూడా పేరు పెట్టారు. ఎలుగుబంటికి అంత పొడవు తోక ఎక్కడిది? నాకైతే కుక్క తోక అన్నవాడి చూపే సరిగా ఉందనిపిస్తుంది. నేడు ధ్రువ నక్షత్రం ఆ తోక కొసన ఉంది. సముద్రంలో దారి తప్పకుండా ఉండడానికి నావికులు ఆ గుంపు వైపు చూసేవారు. అందరూ చూసేది కాబట్టి, అందరి చూపులూ నిలిచే దేనికైనా అదే పేరు అయింది. 'కుక్క తోక పట్టుకుని గోదారి ఈదినట్లు' అని మనం వెటకారంగా అంటాం. ఆ నావికులు కుక్క తోకను నమ్ముకుని సముద్రాలే దాటారు.

ఆకాశంలో ఇంకా తోకలు ఉన్నాయి. నక్షత్రాల ఇంగ్లీషు పేర్లలో చాలా అరబ్బీవి. అరబ్బీలో తోకను 'జనబ్' అంటారు. హంస మండలంలో మెరిసే డెనెబ్ ఆ తోకే. సింహరాశి చివర ఉండే డెనెబోలా అంటే సింహం తోక. ఈ సింహం తోక మీకు బాగా పరిచయమైన నక్షత్రమే. అదే మన ఉత్తర ఫల్గుణి. మన రైతులు లెక్కపెట్టుకునే ఉత్తర కార్తె ఆ నక్షత్రం పేరిటదే. సూర్యుడు ఆ నక్షత్రం దగ్గర ఉండే సెప్టెంబరు రోజుల్లో వచ్చే కార్తె అది. 'ఉత్తర చూసి ఎత్తర గంప' అనే సామెత ఈ సభలో ఎంతమందికి తెలుసు? పాలమూరు నుంచి వచ్చిన వాళ్లకు చెప్పనక్కర లేదు. ఉత్తరలో కూడా వాన పడకపోతే, ఇక ఈ ఏడు పంట లేదు, గంప నెత్తికి ఎత్తుకుని బతకపోవడమే. ఎన్ని కుటుంబాలు ఆ సింహం తోక వైపు చూసి, వాన రాక, బొంబాయి దారి పట్టాయో మన రెండు జిల్లాలకు తెలుసు. అరబ్బు జ్యోతిష్కుడు సింహం తోక అన్న ఆ చుక్క, మనకు బతుకు లెక్కల చుక్క. అలాగే మూల నక్షత్రం వృశ్చికం తోక. దాని అరబ్బీ పేరు షౌలా, పైకి లేపిన తోక అని అర్థం. తేలు కొండి ఎత్తిన తీరు చూసిన వాడికి దాన్ని వివరించాల్సిన పని లేదు.

నేలకు దిగుదాం. స్క్విరల్, ఉడుత. గ్రీకులో 'స్కియూరోస్'. 'స్కియా' అంటే నీడ, 'ఊర' అంటే తోక. తన తోక నీడలో తాను కూర్చునేది. ఇది కేవలం కవి ఊహ అనుకోకండి. ఆఫ్రికాలో కలహారి ఎడారి ఉడుతలు మండుటెండలో మేత మేస్తూ తోకను వీపు మీదుగా గొడుగులాగా పట్టుకుంటాయి. ఇంత చక్కని పేరు ఏ జంతువుకైనా ఉందా?

మొక్కలకు కూడా తోకలు ఉన్నాయి. కొర్రలను ఇంగ్లీషులో 'ఫాక్స్‌టెయిల్ మిల్లెట్' అంటారు, నక్క తోక చిరుధాన్యం అని. 2023ను ఐక్యరాజ్య సమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించినప్పుడు ఈ పేరు అన్ని సంచుల మీదికీ ఎక్కింది. పట్టణంలో ఆ సంచి కొనేవాళ్లకు అది ఒక పేరు మాత్రమే. కొర్ర చేను గట్టు మీద నిలబడ్డ వాళ్లకు అది ఒక చూపు. గింజ గట్టిపడే రోజుల్లో కంకి బరువుకు వంగి, ఒంటి నిండా సన్నని నూగు ముళ్లతో, పొద్దున ఎండ వెనుక నుంచి తగిలినప్పుడు అంచు అంతా వెలుగుతూ కనిపిస్తుంది. చేనులో నక్కలు దూరి, తోకలు మాత్రం పైకి పెట్టినట్టే ఉంటుంది. మన చెరువుల్లో పెరిగే జమ్మును అమెరికావాళ్లు 'క్యాట్‌టెయిల్' అంటారు, పిల్లి తోక. ఆ గోధుమరంగు కంకిని చిన్నప్పుడు చేత్తో నిమిరిన వారికి ఆ పేరు ఎందుకు పెట్టారో వేళ్లకే తెలుసు.

ఇప్పుడు కొంచెం నొప్పి కలిగించే మాటలు. తోక కోయడం గురించి. గుర్రాలకు తోక కత్తిరించడం ఐరోపాలో ఒక ఆచారంగా ఉండేది. తోకలో వెంట్రుకలు కాకుండా లోపలి కండ భాగాన్ని ఇంగ్లీషులో 'డాక్' అంటారు. అక్కడి దాకా కోయడం కూడా డాక్ అయింది. పని చేసిన వాడి జీతంలోంచి కొంత కోయడాన్ని కూడా అదే మాటతో చెప్పడం మొదలుపెట్టారు. జీతం కోత అనే మాట వెనుక ఒక మూగజీవి నెత్తురు ఉందని మనకు తెలియదు. ఆఫీసు ఫైళ్లలో 'ఎక్స్‌పెండిచర్ కర్టైల్ చేయాలి' అని రాస్తారు. పాత ఫ్రెంచి నుంచి వచ్చిన 'కర్టల్' అంటే తోక కోసిన గుర్రం. ఇంగ్లీషువాళ్లకు దాని చివర తమ 'టెయిల్' వినిపించి, మాటను కొద్దిగా మార్చుకుని కర్టైల్ చేసుకున్నారు. మనం కూడా 'తోక జాడిస్తే కత్తిరిస్తా' అంటాం. నాకు ఆ మాట ఎప్పుడూ నచ్చలేదు. తోక లేని పశువు ఈగలను ఎలా తోలుకుంటుంది? పొద్దస్తమానం చర్మం వణికించుకుంటూ నిలబడుతుంది. మా ఇంట్లో తోక తెగిన బర్రె ఒకటి ఉండేది, వానాకాలం వస్తే దాని బాధ చూడలేకపోయేవాళ్లం. మా అమ్మ వేపాకు పొగ వేసి దాని పక్కనే కూర్చునేది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. టెయిల్ వినిపించిన ప్రతి చోటా తోక ఉండదు. టెయిలర్‌లో తోక లేదు. రిటెయిల్‌లో లేదు. డిటెయిల్‌లో లేదు. ఆ మూడూ 'కోయడం' అనే అర్థం ఉన్న వేరొక ఫ్రెంచి మాట నుంచి వచ్చాయి. బట్ట కోసేవాడు టెయిలర్, సరుకును ముక్కలుగా కోసి అమ్మితే రిటెయిల్, విషయాన్ని ముక్కముక్కగా విడదీస్తే డిటెయిల్. చెవికి ఒకటిగా వినిపించినా కులం వేరు.

మన దగ్గర ఉర్దూలో ఇలాంటిదే ఒకటి ఉంది, ఇది తెలంగాణ వాళ్లకు చెబితేనే రుచి. దాల్, మీమ్ అనే రెండు అక్షరాలు రాస్తే దాన్ని 'దమ్' అని చదవవచ్చు, 'దుమ్' అని కూడా చదవవచ్చు. దమ్ అంటే ఊపిరి, ఆవిరి. దుమ్ అంటే తోక. రాతలో రెండూ ఒకటే. దమ్ బిర్యానీలో ఉన్నది ఆవిరి. బక్రీదుకు తెచ్చే కొవ్వు తోక పొట్టేలు దుంబాలో ఉన్నది తోక. మాట పుట్టుక వెతికేటప్పుడు చెవిని మాత్రమే నమ్ముకోకూడదని నా విద్యార్థులకు నేను ఈ రెండు మాటలతోనే చెప్పేవాణ్ణి.

చివరిగా, తోకకూ జుట్టుకూ ఉన్న చుట్టరికం. ఇందాక ఒక తమ్ముడు తోకచుక్కను ఇంగ్లీషులో కామెట్ అంటారు కదా, అందులో తోక ఉందా అని చీటీ పంపాడు. మంచి ప్రశ్న. లేదు నాయనా, అందులో తోక లేదు. గ్రీకులో 'కోమేటేస్' అంటే పొడవాటి జుట్టు ఉన్నది. ఆకాశంలో సాగిన ఆ వెలుగును చూసి గ్రీకువాడు విరబోసుకున్న జుట్టు అన్నాడు, మనవాడు తోక అన్నాడు. ఎవరిది సరి? ఇద్దరిదీ సరి. ఎందుకంటే ఇంగ్లీషు 'టెయిల్' అనే మాటకే తోబుట్టువు ఒకటి గోతిక్ అనే పాత జర్మానిక్ భాషలో ఉంది. ఆ భాషలో దాని అర్థం తోక కాదు, వెంట్రుక. ఒక ఇంట్లో వెంట్రుక అయినది ఇంకో ఇంట్లో తోక అయింది. ఇప్పటి ఆడపిల్లలు జుట్టును పోనీటెయిల్ వేసుకుంటే, వెంట్రుక తిరిగి తోక దగ్గరికే వచ్చింది.

మరి తెలుగులో అలా వచ్చిన మాట ఉందా అని మీరు అడగవచ్చు. ఉంది, అమ్మలందరి ఇళ్లలో ఉంది. చమరీ మృగం, అంటే జడల బర్రె, తోక వెంట్రుకలతో దేవుడికి, రాజుకు వీచేది చామరం. ఆ చామరం తెలుగు నోట్లో నలిగి 'సవరం' అయింది. జడ పలచబడితే కలిపి అల్లుకునే ఆ సవరమే. మా అమ్మకు ఒకటి ఉండేది. పండుగ నాడు తప్ప తీసేది కాదు. దువ్వెన పళ్లలో రాలిన తన వెంట్రుకలనే ఏళ్ల తరబడి దాచి, ఉండ చుట్టి, ఊళ్లోకి వచ్చిన వాళ్లతో కట్టించుకున్నది. తడక మీద మేకుకు వేలాడుతుండేది, పైన నల్లదారం ముడి, కింద కుచ్చు. మా నాయన ఒకసారి అంగడి నుంచి వచ్చి, తలపాగా తీస్తూ, దాని మీద చెయ్యి పడి, అలవాటు కొద్దీ మొదటి నుంచి కొస దాకా వేళ్లు జార్చి చూశాడు. మా అమ్మ పొయ్యి దగ్గర నుంచి చూసి నవ్వింది. ఈ సభకు వచ్చిన అక్కలు, అమ్మలు, మీ ఊళ్లలో సవరానికి ఇంకేదైనా పేరు ఉంటే సభ అయిన తర్వాత నాకు చెప్పండి, రాసుకోవడానికి పుస్తకం తెచ్చుకున్నాను.